డ్రమ్ములో తగ్గిన నీళ్ళు

నెల రోజుల క్రితం నా దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకుని నా గదిలోకి వచ్చింది. విరిగిన ఎముకల మధ్య ఖాళీలో నింపే పదార్థం ఒకటి రెండేళ్ళుగా తయారుచేస్తోంది. దాని మీద కణాలు ఎంత చక్కగా పెరిగాయో ఒక్కొక్క బొమ్మా తీసి చూపించింది. ఎనిమిది నమూనాలు పెడితే ఎనిమిదీ బాగున్నాయి. పిల్ల మొహం వెలిగిపోతోంది. నేను సంతోషించాల్సిన సమయమే, కానీ నా నోటివెంట ముందుగా వచ్చిన మాట "వీటిని కడిగిందెవరు?" అని. "కడిగే యంత్రం పాడైంది, నేనే చేత్తో కడిగాను మేడం" అంది. "ఎన్నిసార్లు? కడిగిన నీళ్ళు పరీక్ష చేశావా?" అన్నాను. ఆ మొహంలో వెలుగు కాస్తా పోయింది. "నన్ను అనుమానిస్తున్నారా మేడం?" అంది. లేదన్నాను. కూర్చోబెట్టి టీ తెప్పించాను. అయినా ఆ మాట ఆ రోజంతా నన్ను వదల్లేదు. నాకు అనుమానం వచ్చింది ఎనిమిదికి ఎనిమిదీ బాగుండడం చూసి. మంచి ఫలితం కనపడగానే గుండెల్లో రాయి పడడం నాకు రాజమండ్రిలో అలవాటైంది. ఒక మనిషి ఉద్యోగం పోయాక అలవాటైంది. ఆ సంగతి ఆ పిల్లకు చెప్పలేకపోయాను. ఇక్కడ రాస్తున్నాను.

మాది కోనసీమలో చిన్న ఊరు. మా నాన్నగారు బడిలో లెక్కల మాస్టారు. నేను ఎమ్మెస్సీ అయ్యాక రెండేళ్ళు పాఠాలు చెప్పి, చాలదనిపించి, రాజమండ్రిలో ఒక కాలేజీలో పరిశోధనకు చేరాను. ఉండడం మా మేనత్త ఇంట్లో. అత్తయ్యకు పిల్లల్లేరు, మామయ్య పోయి చాలా కాలమైంది. దానవాయిపేటలో వెనక నుయ్యి ఉన్న పాత పెంకుటిల్లు. తెల్లవారకముందే పెరట్లో నీళ్ళ కాగు కింద కొబ్బరి డొక్కలు రాజుకునేవి. ఆ పొగ, దాని వెనకే కాఫీ డికాషన్ వాసన, తడి జుట్టుకు పట్టించిన సాంబ్రాణి వాసన, ఈ మూడూ ఒకదాని వెనక ఒకటి వస్తే నా లోకం తెల్లవారినట్టు. ఇవాళ నేనుండే ఫ్లాట్‌లో వేన్నీళ్ళకి మీట నొక్కితే చాలు. పొద్దుటికి వాసనంటూ ఏదీ లేదు.

అత్తయ్యకు ఈ ప్రపంచంలో ఏ వస్తువు మీదా నమ్మకం లేదు. పాలుపోసే సూరమ్మ గుమ్మంలో బిందె దించగానే అత్తయ్య ఒక చుక్క బొటనవేలి గోరు మీద వేసుకుని వంచి చూసేది. చుక్క నిలబడితే సరే, జారితే మాట వచ్చేది. తేనె తెస్తే గ్లాసుడు నీళ్ళలో ఒక బొట్టు వదిలేది. ఇంగువ కొంటే చిటికెడు నీళ్ళలో కలిపి, అడుక్కి మట్టి దిగుతుందేమోనని పావుగంట ఎదురు చూసేది. బియ్యం చేటలో పోసి చెరిగేటప్పుడు రాళ్ళు పక్కన పెట్టి, మర్నాడు కొట్టువాడికి పొట్లం కట్టి తీసుకెళ్ళేది. చిత్రం ఏమిటంటే వాళ్ళెవరికీ అత్తయ్య మీద కోపం ఉండేది కాదు. సూరమ్మ అయితే బిందె దించి, "చూసుకోండమ్మగారూ, చూసుకున్నాకే పోస్తాను" అని తనే నవ్వేది. నాకు మాత్రం సిగ్గుగా ఉండేది. చదువుకున్నదాన్ని కదా, ఇలా మనుషుల్ని ఎదురుగా పెట్టుకుని పరీక్షలు చెయ్యడం మోటుగా కనపడేది.

నా పని సంగతి అత్తయ్యకు మొదట పూర్తిగా చెప్పలేదు. "రసాయనాలు" అని ఊరుకున్నాను. ఆ రోజుల్లో భీమవరం వైపు వరిచేలన్నీ చెరువులవుతున్నాయి. రొయ్య ఎక్కడ చూసినా రొయ్య. షెడ్లలో ఆడవాళ్ళు వలిచి పడేసిన పొట్టు కుప్పలుగా కుళ్ళుతుండేది. ఆ పొట్టే మా ముడిసరుకు. దాన్ని ఆమ్లంలో నానబెడితే సున్నం పోతుంది, కాస్టిక్ సోడాలో ఉడికిస్తే మాంసపు అంశ పోతుంది. దాన్ని మళ్ళీ చిక్కటి సోడాలో ఉడికిస్తే తెల్లటి పొలుసుల్లాంటి పదార్థం మిగులుతుంది. పేరు కైటోసాన్. దాన్ని పలచని ఆమ్లంలో కరిగించి గాజుపలక మీద పోసి ఆరబెడితే పారదర్శకంగా రేకు వస్తుంది. కాలిన ఒంటి మీద చర్మానికి బదులు కొన్నాళ్ళు కప్పి ఉంచడానికి ఆ రేకు పనికొస్తుందా అన్నది మా ప్రశ్న. ఒంటికి తగిలే పదార్థాలు, ఒంట్లో పెట్టే పదార్థాలు, వీటి మీదే తర్వాత నా జీవితమంతా గడిచింది. మొదలు మాత్రం రొయ్య పొట్టుతోనే.

ఒక సాయంత్రం నా చున్నీ మడతలో ఎర్రటి పెంకు ముక్క ఒకటి అత్తయ్య కంటపడింది. రెండు వేళ్ళతో తీసి వెలుగులోకి పట్టుకుని చూసింది. "ఏమిటే ఇది?" అంది. ఇక దాచలేక అంతా చెప్పాను. కాలినవాళ్ళకి చర్మం అని కూడా చెప్పాను. ఆ ముక్కని పెరట్లో పారేసి చెయ్యి కడుక్కుని వచ్చింది. తర్వాత, "నిజం చెప్పావు కనక ఉండు. నూతి దగ్గరే స్నానం, బట్టలు అక్కడే, ఆ తర్వాతే లోపలికి అడుగు" అంది. అప్పటినుంచి నేను రాగానే పెరటి గుమ్మం తలుపు తెరిచి, మడత పెట్టిన చీర గూట్లో ఉంచి వెళ్ళేది.

ల్యాబులో మేము ముగ్గురమే. మా గైడు చలపతిరావు మాస్టారు, నేను, అటెండరు వీర్రాజు. మాస్టారు మంచివారు, తొందర మనిషి. ఏ ప్రయోగమైనా సగంలో ఉండగానే దాని గురించి పేపరు రాయడం మొదలుపెట్టేవారు. వీర్రాజుది కడియం. అక్కడి నర్సరీల్లో చిన్నప్పటినుంచీ గులాబీ అంట్లు కట్టి, నడుం పట్టేసి, యాభయ్యో ఏట రోజుకూలీ మీద మా కాలేజీలో చేరాడు. భీమవరం వెళ్ళి రొయ్య పొట్టు గోనెసంచిలో కట్టుకుని పాసింజరులో తెచ్చేవాడు. ఆ సంచి ఎక్కితే చాలు, పెట్టె సగం ఖాళీ అయిపోయి కాళ్ళు చాపుకుని రావచ్చని నవ్వేవాడు. నా కంటే రెట్టింపు వయసున్న మనిషిని నేను "వీర్రాజూ" అని పేరు పెట్టి పిలిచేదాన్ని. ఆయన నన్ను "మేడంగారండి" అనేవాడు. అది అప్పుడు నాకేమీ వింతగా అనిపించలేదు.

రేకు తయారీలో ఆఖరి మెట్టు కడుగుడు. ఆరిన రేకులో ఆమ్లం మిగిలి ఉంటుంది కనక పలచని కాస్టిక్ సోడాలో ముంచాలి. తర్వాత ఆ సోడా పోయేదాకా డిస్టిల్డ్ వాటర్‌లో కడగాలి. మాస్టారు మా ఇద్దరికీ ఒకే మాట చెప్పారు: ఎర్ర లిట్మస్ కాగితం అద్ది చూడండి, నీలంగా మారుతున్నంతసేపూ కడగండి. మొదట్లో పలచని రేకులకు మూడుసార్లు కడిగితే సరిపోయేది. నేను మూడు అని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. తర్వాత గట్టిగా ఉండాలని రేకుల మందం పెంచాం. నేను మాత్రం మూడు దగ్గరే ఉండిపోయాను. కాగితం అద్దడం కూడా మానేశాను.

ఆ రేకు ముక్కని, సూక్ష్మక్రిములు పెంచిన గాజు పళ్ళెంలో పెట్టి ఒక రోజు ఉంచేవాళ్ళం. రేకు చుట్టూ క్రిములు చచ్చి తేటగా వలయం ఏర్పడితే దానికి క్రిముల్ని చంపే గుణం ఉన్నట్టు. మొదటిసారి వలయం వచ్చినప్పుడు మాస్టారు పళ్ళేన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి చిన్నపిల్లాడిలా మురిసిపోయారు. అయితే ఆ వలయం ఒకసారి వచ్చేది, ఒకసారి వచ్చేది కాదు. మాస్టారు విసుక్కునేవారు. నేను నోట్‌బుక్ వెనక్కి తిప్పి చూసుకుంటే ఒక సంగతి కనపడింది. నాకు డిగ్రీ పిల్లల ప్రాక్టికల్స్ ఉన్న రోజుల్లో రేకులు కడిగేది వీర్రాజు. వలయం రానివన్నీ ఆ రోజులవే.

అనుమానం ఒకసారి వచ్చాక దానికి తిండికి కొదవుండదు. డిస్టిల్డ్ వాటర్ డ్రమ్ము రెండో రోజుకే అడుగంటుతోంది. అన్ని నీళ్ళు ఏమవుతున్నాయి? కాలేజీ గేటుకి ఎదురుగా బ్యాటరీల కొట్టు ఉంది. బ్యాటరీల్లో పోయడానికి వాళ్ళకు కావలసింది ఈ నీళ్ళే. వీర్రాజు మధ్యాహ్నం వేళ వెళ్ళి కూర్చునేది ఆ కొట్లోనే. ఒక రోజు మేడ మీద కిటికీలోంచి చూస్తూ ఉండగా ఆయన తెల్లటి క్యాను ఒకటి చేత్తో పట్టుకుని ఆ కొట్లోకి వెళ్ళాడు. వచ్చేటప్పుడు క్యాను తేలిగ్గా ఊగుతోంది. నాకు అంతా అర్థమైపోయింది. మంచి నీళ్ళు అమ్ముకుంటున్నాడు, మా రేకుల్ని కుళాయి నీళ్ళతో కడిగి పాడుచేస్తున్నాడు. అన్నీ ఎంత చక్కగా అమరిపోయాయంటే ఆ అమరికే నాకు రుజువులా కనపడింది.

ఆ సాయంత్రం అత్తయ్య చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే పక్కన కూర్చుని చెప్పాను.

"నీళ్ళు అమ్మడం కళ్ళారా చూశావా?" అంది.

"క్యాను పట్టుకెళ్ళడం చూశాను."

"క్యానులో ఏముందో?"

"అదెలా అడుగుతాను అత్తయ్యా?"

అత్తయ్య చేతిలో కాయ కింద పెట్టింది. "సూరమ్మ పాలు సూరమ్మ ఎదురుగానే చూస్తాను నేను. అది వెళ్ళిపోయాక చూసి, వీధిలో చెప్పను. అడగలేని అనుమానం పెట్టుకోకూడదే."

"నీకు ల్యాబు సంగతులు తెలియవులే" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నాకు చెవులు వేడెక్కుతాయి.

మర్నాడు మాస్టారికి చెప్పాను. ఆయన వీర్రాజుని నా ఎదుటే పిలిచి అడిగారు.

"వీర్రాజూ, డ్రమ్ములో నీళ్ళేమైపోతున్నాయి?"

"కడగడానికేనండి."

"అన్ని నీళ్ళా?"

"ఆయ్. ఒక్కో రేకుకీ పదిసార్లు, పన్నెండుసార్లు పడతందండి."

నేను అందుకున్నాను. "మూడుసార్లకి అయిపోయేదానికి పన్నెండుసార్లేమిటి?"

ఆయన నా వైపు తిరిగి, "మీకు మూడిటికి అవుతుందేమోనండి. నాకవ్వట్లేదు" అన్నాడు. గొంతులో వెటకారం లేదు. నాకు వినపడింది మాత్రం వెటకారమే. బ్యాటరీ కొట్టు సంగతి ఎత్తాను. ఆయన మొహం ఒక్కసారి మారిపోయింది. మాస్టారి వైపు చూసి, "మీరు కూడా అలాగే అనుకుంటున్నారాండి?" అన్నాడు. మాస్టారు అద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయారు. "సరేనండి" అన్నాడు వీర్రాజు. ఇంకేమీ అనలేదు. ఏమీ అనకపోవడం కూడా తప్పు చేసినట్టే నాకు తోచింది.

ఆఫీసుకి ఉత్తరం రాసింది నేను. "చేతివాటం" అన్న మాట ఏరి మరీ పెట్టాను. రోజుకూలీ మనిషి కనక విచారణేమీ లేదు, సోమవారం నుంచి రావద్దన్నారు. వెళ్ళే రోజున ఆయన బీకర్లన్నీ కడిగి బోర్లించి, బల్ల తుడిచి, తాళంచెవి మేకుకి తగిలించి వెళ్ళాడు. నేను పుస్తకంలోంచి తలెత్తలేదు.

ఆ తర్వాత వలయం రానిరోజు లేదు. ప్రతి రేకూ, ప్రతి పళ్ళెమూ. డ్రమ్ములో నీళ్ళు నాలుగు రోజులు వచ్చేవి. మాస్టారు పేపరు రాసి పంపించారు. ఒక సభలో చదివితే అందరూ మెచ్చుకున్నారట, వస్తూ వస్తూ తాపేశ్వరం కాజాలు తెచ్చి కాలేజీ అంతా పంచారు. నాకూ ఒకటి పెట్టారు. తింటూ ఉంటే లోపల ఎక్కడో సన్నగా పీకింది. అంతకుముందు నేను చేసిన ఏ ప్రయోగాల్లోనైనా ఎప్పుడో ఒకటి పోయేది, గిన్నె పగిలో కరెంటు పోయో. ఇప్పుడు ఒక్కటీ పోవడం లేదేం? ఆ పీకుడుని కాజాతో పాటు మింగేశాను.

మాస్టారి స్నేహితుడు ఒక డాక్టరుగారు. నర్సింగ్‌హోమ్ ఉంది. ఆయన దగ్గరకు ఆత్రేయపురం నుంచి సత్యవతి అనే ఆవిడ వచ్చింది. పూతరేకులు తీసే మనిషి. మంట మీద బోర్లించిన కుండ పగిలి కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది. ఆవిడకి చెప్పి, ఒప్పించి, చిన్న ముక్క గాయం అంచున వేసి చూద్దామన్నారు. రేకు నేనే తీసుకెళ్ళాను, మాస్టారూ వెంట వచ్చారు. ఆవిడ ఎడంచేత్తో దాన్ని అందుకుని, కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది.

"మీరూ రేకులే తీస్తారన్నమాట" అంది నాతో. "బానే వచ్చిందమ్మా. కానీ మందం. ఇంత మందం రేకైతే మేం పక్కన పడేస్తామండి, లోపల తడి చావదు."

డాక్టరుగారు నవ్వారు. నేనూ నవ్వాను. ముక్క కత్తిరించి గాయం అంచున పరిచారు. పది లెక్కపెట్టేలోగా ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కోబోయింది.

"మండుతుందండి."

"కాలిన చెయ్యి కదమ్మా, కాస్త మండుతుంది" అన్నారు డాక్టరుగారు.

"కాలిన మంట నాకు తెలీదాండి? ఇది వేరే మంట. పుండు మీద సున్నం పడినట్టుంది."

సున్నం అన్న మాట దగ్గర నా నవ్వు ఆగిపోయింది. సున్నం మంటా, కాస్టిక్ సోడా మంటా ఒక జాతివే. "తీసేయండి సార్" అన్నాను. మాస్టారు నా వైపు గుర్రుగా చూశారు. "తీసేయండి, కడిగేయండి" అని ఈసారి గట్టిగా అన్నాను. డాక్టరుగారు రేకు తీసి సెలైన్‌తో కడిగారు. అదృష్టం, అంచున కాస్త ఎర్రబడడం తప్ప ఏమీ కాలేదు. నేను ఆ ముక్కని కాగితంలో చుట్టుకుని, రిక్షా ఎక్కి ల్యాబుకి వచ్చేశాను. సొరుగులో ఎర్ర లిట్మస్ కాగితాలు వీర్రాజు కట్ట కట్టి పెట్టినచోటే ఉన్నాయి. ఒకటి తడిపి రేకుకి అద్దాను. నీలమైపోయింది.

అదే మందం రేకు ఇంకొకటి తీసి కడగడం మొదలుపెట్టాను, కడిగినప్పుడల్లా కాగితం అద్దుతూ. మూడోసారికి నీలం. అయిదోసారికి నీలం. ఎనిమిదోసారికి లేతనీలం. పదకొండోసారికి కాగితం ఎర్రగానే ఉండిపోయింది. అనుమానం తీరక పన్నెండోసారి కూడా కడిగాను. డ్రమ్ములో నీళ్ళు సగానికి దిగిపోయాయి. ఆ రేకుని ఒక పళ్ళెంలో పెట్టాను. మూడోసారి కడిగిన నీళ్ళలో వడపోత కాగితం ముక్క ముంచి, రేకన్నది లేకుండా, ఇంకో పళ్ళెంలో పెట్టాను. మర్నాడు రేకు చుట్టూ వలయం లేదు. ఉత్త కాగితం చుట్టూ ఉంది. ఇన్నాళ్ళూ క్రిముల్ని చంపింది మా పదార్థం కాదు, నేను కడగకుండా వదిలేసిన సోడా. మాస్టారు చెప్పినట్టు వీర్రాజు కడిగాడు కనక ఆయన రోజుల్లో నిజం బయటపడేది. నేను ఆ నిజాన్నే దొంగతనం అన్నాను.

రెండు పళ్ళేలూ మాస్టారి ముందు పెట్టి అంతా చెప్పాను. ఆయన రెంటినీ కిటికీ వెలుగులో పట్టి చూశారు. తర్వాత తలుపు దగ్గరగా వేసి, తగ్గు గొంతుతో, "నీతో ఎవరైనా మాట్లాడారా?" అన్నారు.

"ఎవరు సార్?"

"వేరే ల్యాబువాళ్ళు. పేపరు రాకుండా చెయ్యాలని."

ఏళ్ళ తరబడి ఆయన దగ్గర పనిచేశాను, ఉన్నది ఉన్నట్టు చెప్పాను, అయినా ఆయన కళ్ళలో నేను అమ్ముడుపోయినదాన్ని. ఒట్టు వెయ్యాలా, ఏడవాలా, ఏం చేస్తే నమ్ముతారు? ఏం చేసినా నాటకంలాగే ఉంటుంది. "లేదు సార్" అని ఊరుకున్నాను. అప్పుడు అర్థమైంది, ఆ రోజు వీర్రాజు "సరేనండి" అని ఎందుకు ఊరుకున్నాడో.

మాస్టారిని తప్పు పట్టను. మర్నాడు చొక్కా చేతులు మడిచి, నన్ను దగ్గరికి రానివ్వకుండా, తానే రేకులు చేసి, తానే కడిగి, తానే పళ్ళేల్లో పెట్టారు. మూడు రోజులు చేశారు. నాలుగో రోజు పేపరు వెనక్కి తీసుకుంటున్నామని ఉత్తరం రాసి, పోస్టులో తానే వేసి వచ్చారు. రావలసిన ప్రాజెక్టు రాలేదు. నేను థీసిస్ ఇచ్చేదాకా నా ప్రతి అంకెనీ ఆయన మళ్ళీ లెక్క వేసుకునేవారు. ఎదురుగా కూర్చుని వేసుకునేవారు, అది మేలు. సత్యవతి చెయ్యి మామూలు కట్లతోనే మానిందని డాక్టరుగారు చెప్పారు. బాగా కడిగిన రేకు క్రిముల్ని చంపదు, కానీ గాయాన్ని తడి ఆరకుండా కప్పి ఉంచుతుందని తర్వాత మేము చూపించగలిగాం. చిన్న ఫలితం. నిలబడిన ఫలితం.

అత్తయ్యకి ఈ కథంతా చెప్పినప్పుడు 'నేను ముందే చెప్పానా' అని దెప్పలేదు. "వెళ్ళి చెప్పావా?" అంది.

"మాస్టారికి చెప్పాను."

"ఆయనకి కాదే. అతనికి."

కడియం బస్సు దిగి అడుగుతూ వెళితే, రోడ్డు పక్కన నల్ల సంచుల్లో మొక్కలు వరసలు వరసలుగా ఉన్నచోట, వీర్రాజు పీట మీద కూర్చుని గులాబీ కొమ్మకి అంటు కడుతున్నాడు. నన్ను చూసి లేవబోయి, నడుం పట్టుకుని మళ్ళీ కూర్చున్నాడు.

"ఇలా వచ్చేరేంటండి?"

"వీర్రాజు గారూ" అన్నాను. మొదటిసారి ఆ 'గారు' నా నోట్లో తడబడింది. నిలబడే అంతా చెప్పాను. ఆయన అంటు కట్టడం ఆపకుండా విన్నాడు.

"ఆ క్యానులో ఏముండేదండి?" అని ఆఖరికి అడిగాను.

"మజ్జిగండి. ఆ కొట్టతనిది మా ఊరే. ల్యాబులో ఆ కంపులో తినబుద్ధేసేది కాదు, అక్కడ తినేవోణ్ణి. అతనికీ కాస్త పోసేవోణ్ణి."

"పన్నెండుసార్లు కడుగుతున్నానని ఇంకా గట్టిగా ఎందుకు చెప్పలేదు?"

ఆయన దారం కొస పళ్ళతో తెంపాడు. "చెప్పేనండి. మీరే రాసుకోలేదు."

తప్పు నాదేనని ఆఫీసుకి రెండో ఉత్తరం రాసిచ్చాననీ, మళ్ళీ తీసుకుంటామంటున్నారనీ చెప్పాను. తల అడ్డంగా ఊపాడు. "వద్దండి. ఇక్కడ అంటు బతికిందో లేదో ఆ మొక్కే చెప్పుద్ది. నన్నెవరూ అడగరు." కోపంగా అనలేదు. నాకు కుర్చీ వేయించాడు, కొబ్బరిబొండం కొట్టించాడు. క్షమించానని మాత్రం అనలేదు. నేనూ అనమని అడగలేకపోయాను.

ఇప్పుడు నా ల్యాబులో కడిగేది యంత్రం. ఎన్నిసార్లు కడిగిందీ, ఆఖరి నీళ్ళలో ఏం మిగిలిందీ అదే కాగితం మీద అచ్చు వేస్తుంది. పేజీ కింద ఇద్దరు సంతకాలు పెడతారు. ఒకరి మాట ఒకరు నమ్మక్కర్లేదు, అనుమానించనూ అక్కర్లేదు. ఇది మంచి పద్ధతే, నేనే పట్టుబట్టి పెట్టించాను. ఎముకల్లోకి వెళ్ళే సిమెంటు, కుట్లు వేసే దారం, ఇలా ముప్పై ఏళ్ళలో చాలా చేశాను. మనిషి ఒంట్లో పెట్టేదాని విషయంలో మొహమాటం పనికిరాదు. కానీ ఆ రోజుల్లో ముగ్గురం ఒక బల్ల చుట్టూ కూర్చుని పనిచేశాం. అడిగితే చెప్పే మనిషి చేతికందే దూరంలో ఉన్నాడు. ఇప్పుడు అడగడానికి యంత్రం ఉంది, చెప్పేవాళ్ళ మొహాలు నేను అంతగా చూడడం లేదు. ఆ అమ్మాయి ఎనిమిది నమూనాలూ మళ్ళీ చేయించాను, ఈసారి పక్కనే కూర్చుని. ఏడు బాగున్నాయి. ఒకటి పోయింది. ఆ పోయినదాన్ని చూశాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది.

కడియం సంగతి ఇంకొంచెం ఉంది. రెండేళ్ళ తర్వాత, బాగా కడిగిన రేకు మీద మా పేపరు అచ్చయింది. చివర కృతజ్ఞతల్లో వీర్రాజు పేరు పెడతానంటే మాస్టారు కాదనలేదు. ఇంటిపేరుతో సహా పూర్తిగా రాయమన్నారు. ఆ ప్రతి పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. ఆయన మొక్కల లోడుతో లారీ మీద ఒరిస్సా వెళ్ళాడట. భార్య మంగ సంచుల్లోకి మట్టి ఎత్తుతోంది. నేనెవరో చెప్పగానే చేతులాగిపోయాయి.

"మళ్ళీ ఏం వచ్చిందండి?"

"ఏమీ రాలేదండి. మీ ఆయన పేరు పుస్తకంలో పడింది, చూపిద్దామని తెచ్చాను." వేలు పెట్టి చూపించాను. ఆవిడ వంగి చూసింది కానీ తాకలేదు.

"మరి అప్పుడు రాసిన కాగితమో? చింపేసేరా?"

"ఆఫీసు ఫైల్లోంచి తీయరండి. అది తప్పని ఇంకో కాగితం రాసిచ్చాను. రెండూ ఉన్నాయి."

"రెండూ ఉంటే, పైనేదుందండి?"

ఆ సంగతి నాకు తట్టనే లేదు. "చూడలేదండి" అన్నాను.

"చూసి రండి" అంది, పార అందుకుంటూ. ప్రతి నా చేతిలోనే ఉండిపోయింది.

మర్నాడు ఆఫీసు తెరిచే వేళకి వెళ్ళి ఫైలు తీయించాను. పైన నా మొదటి ఉత్తరమే ఉంది. రెండోది ఎక్కడో అడుగున, సెలవు చీటీల మధ్య ఉంది. గుమస్తా సణుగుతూనే ట్యాగు విప్పాడు. నా కళ్ళముందే రెండోదాన్ని పైకి మార్పించి, తిరిగి ముడి వేసేదాకా కదల్లేదు. ఆ సాయంత్రం మళ్ళీ కడియం బస్సెక్కాను.

"చూసేరా?" అంది మంగ.

"చూశానండి. అడుగున ఉంది. పైకి మార్పించి వచ్చాను."

"మీ ఎదురుగా మార్చేరా?"

"నా ఎదురుగానే."

ఆవిడ చెంగుకి చేతులు తుడుచుకుని, అప్పుడు నా చేతిలోంచి, ఆయన పేరున్న కాగితం తీసుకుంది.